రిజాల్వ్ ప్రాజెక్ట్ సర్వర్: కొన్ని లగ్గాల సీజన్లు వాడాక

హన్మకొండ, వరంగల్, కరీంనగర్ ఎడిటింగ్ రూముల్లో రెండు జబ్బులు మామూలు. ఒకటి, 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ కొత్తది' అంటూ పుట్టుకొచ్చే ప్రాజెక్టులు. రెండోది, ఏ ఫుటేజ్ ఏ డిస్కులో ఉందో ఎవరికీ తెలియకపోవడం. డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఉన్న ప్రాజెక్ట్ సర్వర్, అంటే అందరి ప్రాజెక్టులనూ ఒకేచోట ఉంచేది, మొదటిదాన్ని కుదురుస్తుంది. రెండోదాన్ని ముట్టుకోదు, అది మనం చేసుకోవాల్సిందే.

సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. లోపల ఉండేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కట్లు, గ్రేడ్లు (కలర్ దిద్దుబాట్లు), మార్కర్లు అందులోకి వెళ్తాయి, ఫుటేజ్ వెళ్లదు. అందుకే పాత ఐ5 సిస్టమ్, చిన్న ఎస్‌ఎస్‌డీ సరిపోతాయి. యూపీఎస్ మాత్రం ఉండి తీరాలి. రౌటర్‌లో ఆ సిస్టమ్‌కు ఐపీ అడ్రస్ ఫిక్స్ చేయండి. లేదంటే కరెంటు పోయి వచ్చినప్పుడు అడ్రస్ మారొచ్చు, అప్పుడు ఎవరి సిస్టమ్‌లోనూ ప్రాజెక్టులుండే లైబ్రరీ తెరుచుకోదు. డేటా ఎక్కడికీ పోదు గానీ, డెలివరీ రోజున ఆ సంగతి గుర్తురాదు.

బిన్‌ను (ప్రాజెక్టు లోపల క్లిప్‌లు, టైమ్‌లైన్‌లు పెట్టే ఫోల్డర్) ముందు తెరిచినవాళ్లకే మార్చే హక్కు, మిగతావాళ్లకు తాళం గుర్తు కనిపిస్తుంది. కాబట్టి బిన్‌లను మనిషిని బట్టి కాదు, పనిని బట్టి విడగొట్టాలి: మైలపోలు, లగ్గం, అప్పగింతలు, బరాత్, టీజర్, రీల్స్. అన్ని టైమ్‌లైన్‌లూ ఒకే బిన్‌లో పడేస్తే ఒకరు పని చేస్తుంటే ముగ్గురు చాయ్ తాగాలి. కలర్‌కు మాత్రం ఈ తాళం అడ్డురాదు. ఒకరు కట్ చేస్తుండగా ఇంకొకరు అదే టైమ్‌లైన్‌కు కలర్ చేయగలగడం దీనిలో అన్నింటికంటే ఉపయోగపడేది. కలరిస్ట్ రిఫ్రెష్ నొక్కడం మరిస్తే పాత కట్ మీదే పని చేస్తూ ఉంటాడు.

ఇక ఫుటేజ్. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) 4కే ఫైల్ అంటే సెకనుకు 12.5 ఎంబీ (మెగాబైట్లు), గంటకు 45 జీబీ. మూడు కెమెరాల షాట్లు ఒకేసారి నడిచే మల్టీక్యామ్‌కు సెకనుకు 37 ఎంబీ పైన. ముగ్గురు ఎడిటర్లు ఒకేసారి ప్లే చేస్తే 112. గిగాబిట్ నెట్‌వర్క్ లైన్ చేతికిచ్చేది దాదాపు 110. అంటే నాలుగో మనిషి కూర్చోకముందే లైన్ నిండిపోయింది. పది గిగాబిట్ స్విచ్ కొనే ముందు ప్రాక్సీలు (ఫుటేజ్‌కు తేలికపాటి నకళ్లు) చేసి చూడండి. రిజాల్వ్ 18వ వెర్షన్‌తో వచ్చిన ప్రాక్సీ జనరేటర్‌కు ఫోల్డర్ చూపించి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి సిద్ధం. ప్రతి ఫోల్డర్‌లోనూ 'ప్రాక్సీ' అనే సబ్ ఫోల్డర్ పడుతుంది, రిజాల్వ్ దాన్ని తనే అతికించుకుంటుంది.

అసలు తలనొప్పి ఫైళ్ల పేర్లు. సోనీ కెమెరాలు మామూలుగా సీ0001, సీ0002 అనే మొదలుపెడతాయి. మూడు కెమెరాల్లోనూ సీ0001 ఉంటుంది. డిస్క్ మార్చి రీలింక్ చేస్తే (ఫైళ్లను మళ్లీ ప్రాజెక్టుకు కలిపితే) పెళ్లికూతురు షాట్ ఉండాల్సిన చోట భోజనాల షాట్ వచ్చి కూర్చుంటుంది. ప్రాజెక్టులోకి ఎక్కించకముందే పేరు మార్చాలి: తేదీ, కెమెరా అక్షరం, కార్డు నంబర్, క్లిప్ నంబర్. ఎక్కించాక మార్చొద్దు, లింకులు తెగుతాయి. కార్డు కాపీకి మీడియా పేజీలోని క్లోన్ టూల్ వాడండి. అది చెక్‌సమ్‌తో కాపీ అసలులాగే ఉందా అని సరిచూస్తుంది, మామూలు కాపీ పేస్ట్ ఆ పని చేయదు. అన్ని సిస్టమ్‌లలోనూ ఫుటేజ్ డ్రైవ్ అక్షరం ఒకటే ఉండాలి. ఒకచోట జెడ్, ఇంకోచోట వై అయితే సగం మందికి ఫుటేజ్ దొరకక ఎర్ర తెర.

ఫ్రేమ్ రేట్ 25 అని షూట్‌కు ముందే కెమెరామెన్‌కు చెప్పండి. మన కరెంటు 50 హెర్ట్జ్, 30 ఫ్రేముల్లో 1/60 షట్టర్‌తో తీస్తే ఫంక్షన్ హాల్ లైట్లు మినుకుమంటాయి. క్లిప్‌లు ఎక్కాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు కూడా. మల్టీక్యామ్‌లో కెమెరాలను సౌండ్‌ను బట్టి కలపడం మంత్రాలప్పుడు బాగుంటుంది. బరాత్‌లో డప్పు దరువు ఒకేలా తిరిగి వస్తుంది కాబట్టి ఒక్కోసారి పక్క దరువుకు అతుక్కుంటుంది. డ్రోన్ క్లిప్‌లో సౌండే ఉండదు, చేత్తో కలపాల్సిందే.

అప్‌డేట్ వచ్చిందని ఒక్కరే నొక్కకండి. కొత్త వెర్షన్‌కు మారిన ప్రాజెక్ట్ పాతదానిలో తెరుచుకోదు. ముందు లైబ్రరీ బ్యాకప్, తర్వాత అందరూ ఒకే రోజు, అదీ ఆషాఢంలో.

క్లౌడ్ లైబ్రరీ 2022లో నెలకు 5 డాలర్లతో వచ్చింది. కలరిస్ట్ హైదరాబాద్‌లో ఉంటే పనికొస్తుంది, రెండు చోట్లా ఫుటేజ్ కాపీ పెట్టుకుంటే. ఒకే రూములో ఉన్నవాళ్లకు దండగ. ఇద్దరే ఎడిటర్లున్న రూముకు సర్వర్ కూడా అక్కర్లేదు. ముగ్గురు దాటితే పెట్టుకోండి.