పుట్టుమచ్చను చూడ్డానికి కన్ను మేలా, కంప్యూటరా?

"ఫోన్‌లో యాప్ ఉందిగా, మచ్చను ఫొటో తీస్తే క్యాన్సరో కాదో అదే చెప్పేస్తుందట. ఇంకా స్కిన్ డాక్టరెందుకండీ?" అమలాపురం నుంచి భీమవరం దాకా ఈమధ్య పదేపదే వినిపిస్తున్న ప్రశ్న ఇది. మచ్చ ఎలా ఉందన్నది తర్వాత సంగతి. అసలది ఒంట్లో ఎక్కడుందో ముందు చెప్పండి.

పుట్టుమచ్చలా కనిపించే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్‌ని మెలనోమా అంటారు. తెల్లచర్మం వాళ్లలో అది ఎక్కువగా వీపు మీదా, పిక్కల మీదా వస్తుంది. మనవాళ్లలో అది అరుదే. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాల్లోనో, అరచేతిలోనో, గోటి కిందో కనిపిస్తుంది. కంప్యూటర్ ఎక్కువగా చదువుకున్నది మొదటి రకాన్ని. శిక్షణకు విరివిగా వాడే హామ్10000 అనే చిత్రాల పోగులో ఉన్న 10,015 ఫొటోలూ ఆస్ట్రియా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చినవే. వరిచేలో నాని పగిలిన అరికాళ్ల గురించి దానికి తెలిసింది తక్కువ.

అలాగని యంత్రాన్ని తీసిపారేయలేం. 2017లో 1,29,450 చిత్రాలతో నేర్పిన ప్రోగ్రాం, పరీక్షకు పెట్టిన చిత్రాల మీద 21 మంది చర్మవైద్యులకు దీటుగా నిలిచింది. కానీ మచ్చ పక్కన సర్జన్ పెన్నుతో గీసిన గీత కనపడితే మామూలు మచ్చల్లో చాలావాటిని కూడా కంప్యూటర్ మెలనోమా అనేస్తోందని 2019లో తేలింది. పసుపు రాసిన పాదం, గోరింటాకు పెట్టిన గోరు చూసి ఏమంటుందో మరి! మెలాఫైండ్ అనే యంత్రం సంగతీ చూడండి. అమెరికాలో 2011లో అనుమతి పొందింది. డాక్టర్లు అనుమానించిన మచ్చల్లో నూటికి 98 మెలనోమాలను పట్టింది. అయితే క్యాన్సర్ కాని వాటిలో పదింట తొమ్మిదింటిని కూడా కోయమంది. కొన్నేళ్లకే అమ్మకాలు ఆగిపోయాయి.

ఇక కన్ను. ఒట్టి కన్ను కాదు, డెర్మోస్కోప్ పెట్టిన కన్ను. పదిరెట్లు పెద్దగా చూపే ఈ చిన్న లైటు భూతద్దం చేతికి వచ్చినంత మాత్రాన సరిపోదు. వాడటం నేర్వనివాళ్ల చేతిలో ఉంటే ఒట్టి కంటికన్నా మెరుగేమీ కాదు. నేర్చినవాళ్లు అరికాలి మీద చూసేది ఇది: చర్మం మీద వేలిముద్రల్లాగే గట్లూ, వాటి మధ్య సన్నటి కాలువల్లా బోదెలూ ఉంటాయి. రంగు బోదెల్లో పారితే సాధారణంగా మామూలు మచ్చ. గట్ల మీదికి ఎక్కితే బయాప్సీకి, అంటే కోసి తీసి ల్యాబ్ పరీక్షకు, పంపాల్సిందే, ఎంత చిన్నదైనా. ఏది గట్టో తేలకపోతే చెమటరంధ్రాల తెల్లచుక్కలు వెతుకుతారు, అవి గట్ల మీదే ఉంటాయి. లేదా సిరా రాసి తుడుస్తారు, సిరా బోదెల్లో మిగులుతుంది. రంగు తీరు ఏదీ స్పష్టంగా లేని మచ్చ 7 మిల్లీమీటర్లు దాటితే అదీ బయాప్సీకే. నల్లటి చర్మం వాళ్లలో అరికాళ్లకు సహజంగానే కొంత రంగు ఉండొచ్చు కనుక రెండో కాలూ చూడకుండా తేల్చకూడదు. ఫోన్‌లో ఒక్క మచ్చ ఫొటోకు ఈ రెండో కాలు అందదు. నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది.

గోటి కింద నలుపుకైతే ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. కొబ్బరికాయ పడో, పలుగు తగిలో గోరు నల్లబడితే, నలుపు మొదలు దగ్గర గోటి మీద బ్లేడుతో సన్నగా గీత పెట్టండి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలిగోరు అందులో సగం. గీతతో పాటు నలుపూ ముందుకు జరిగి, వెనక తెల్లగోరు వస్తే అది గడ్డకట్టిన రక్తం. ఒక్క గోటికే మొదలు నుంచి చివరిదాకా చార పడి, వెడల్పవుతూ, గోటి మొదట్లోని చర్మానికి నలుపు పాకితే గీతల కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి.

కంప్యూటర్ నిజంగా పనికొచ్చేది జ్ఞాపకానికి. ఒంటినిండా మచ్చలున్నవాళ్లకు ఫొటోలు దాచి, మూణ్ణెల్లకో ఆర్నెల్లకో పక్కపక్కన పెట్టి ఏది మారిందో చూపడంలో మనిషి కన్ను దానికి సాటిరాదు. స్కేలు పక్కన పెట్టి, ప్రతిసారీ అదే దూరం నుంచి, నీడపట్టున తీయాలి. కాంతిని చర్మంలోకి పంపి కొలిచే డెర్మాసెన్సార్ అనే పరికరం 2024లో అమెరికాలో అనుమతి పొందింది. మన ఊళ్లలో దాని కోసం వెతకడం అనవసరం.

కన్నైనా కంప్యూటరైనా అనుమానమే చెబుతాయి, తేల్చేది ల్యాబే. మచ్చను పైపైన గీకకుండా, చుట్టూ 2 మిల్లీమీటర్ల మామూలు చర్మంతో వీలైనంతవరకు మొత్తంగా తీసి, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మాలిన్ ద్రవంలో పంపించాలి. సున్నం, సోడా పెట్టి కాల్చించుకుంటే పంపడానికి ముక్కే మిగలదు. పైగా మచ్చలో లోపల మిగిలిన కణాల నుంచి రంగు వంకరటింకరగా తిరిగి రావచ్చు. అది క్యాన్సర్ కాకపోయినా డెర్మోస్కోప్‌కీ యాప్‌కీ అచ్చం మెలనోమాలాగే కనిపిస్తుంది. కాల్చించుకున్న మచ్చయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.