మూడు చౌక విమానాలు, ఒక లెక్కల పుస్తకం

ముప్పై ఏళ్లు బ్యాంకు ఆడిట్ విభాగంలో పనిచేసినవాడిని కనుక, ప్రయాణంలో కూడా ప్రతి ఖర్చునూ చిన్న పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర నిరుడు రెండు నెలలు ఉన్నప్పుడు, సెప్టెంబరులో నేనూ నా భార్యా హంగరీలోని బుడాపెస్ట్, ఇటలీలోని బెర్గామో నగరాలు చూసి వచ్చాము. మూడు విమానాలు ఎక్కాము. మూడూ చౌక విమానాలే. ఆ పుస్తకం ప్రకారం మా ఇద్దరికీ మూడు ప్రయాణాల టికెట్ల ధర 148 యూరోలు, మేము వాస్తవంగా చెల్లించినది 262 యూరోలు. తేడాగా కనిపించే 114 యూరోలు ఎక్కడికి పోయాయో, అవి పెట్టదగిన ఖర్చులో కాదో, మా వయసువారు, అందులోనూ మన దేశపు పాస్‌పోర్టు ఉన్నవారు, ఈ విమానాలు ఎక్కేముందు ఏమేమి చూసుకోవాలో చెప్పాలని ఇది రాస్తున్నాను. మేము రెండు వేర్వేరు సంస్థల విమానాలు ఎక్కాము. మాకు ఎదురైన ఇబ్బందులు ఎవరి వల్లనో పేరుపెట్టి చెప్పడం నా ఉద్దేశం కాదు.

ఇంత తక్కువ ధరకు విమానం నడపడం ఎలా సాధ్యమన్నది ముందు అర్థం చేసుకుంటే, తరువాత వచ్చే చికాకులు సగం తగ్గుతాయి. 1993 నుంచి యూరోపియన్ యూనియన్‌లోని ఏ దేశపు విమాన సంస్థయినా సభ్యదేశాల మధ్య తనకు నచ్చిన దారిలో, తనకు నచ్చిన ధరకు విమానాలు నడుపుకోవచ్చు. 1997 నుంచి మరొక దేశం లోపల కూడా నడుపుకోవచ్చు. 1985లో ఐర్లాండ్‌లో ఎగరడం మొదలుపెట్టిన ర్యాన్‌ఎయిర్, 1995లో లండన్ దగ్గరి లూటన్ నుంచి మొదలైన ఈజీజెట్, 2004లో తూర్పు యూరప్ ప్రయాణికులను నమ్ముకుని వచ్చిన విజ్ ఎయిర్ ఈ స్వేచ్ఛ మీదనే పెరిగాయి. వీటి పద్ధతి దాదాపు ఒక్కటే: ఎక్కువగా ఒకే రకం విమానాలు కొనడం, వాటిలో వీలైనన్ని సీట్లు బిగించడం, దిగిన విమానాన్ని అరగంట కూడా నిలపకుండా మళ్లీ ఎగరేయడం, సీటు తప్ప మిగిలినదంతా విడిగా అమ్మడం. ర్యాన్‌ఎయిర్ కొత్త బోయింగులలో 197 సీట్లు, విజ్ ఎయిర్ నడిపే పెద్ద ఎయిర్‌బస్సులలో 239 సీట్లు ఉంటాయి. మా అమ్మాయి దీన్నే ఒక్క మాటలో చెప్పింది: “ఇది మన ఎర్రబస్సే నాన్నా, కాకపోతే ఈ కండక్టరు సామానుకు కొలతలు కూడా వేస్తాడు.”

కొలతల విషయం వేళాకోళం కాదు. టికెట్టుతో పాటు ఉచితంగా తీసుకువెళ్లనిచ్చేది ముందు సీటు కింద పట్టే ఒక్క చిన్న సంచిని మాత్రమే, మా టికెట్టు మీద 40×30×20 సెంటీమీటర్లు అని ఉంది. చక్రాల పెట్టెను పైఅరలో పెట్టుకోవాలంటే దానికి వేరే రుసుము. గేటు దగ్గర పట్టుబడితే ఆ రుసుము టికెట్టు ధరను కూడా మించిపోతుంది. ఈ రుసుములు న్యాయం కాదని స్పెయిన్ ప్రభుత్వం 2024 నవంబరులో అయిదు విమాన సంస్థలకు కలిపి 179 మిలియన్ యూరోల జరిమానా వేసింది, కానీ ఆ వాదం తేలేవరకూ గేటు దగ్గర సంచి కొలత చూసే ఇనుప చట్రానిదే తుది తీర్పు. ఐండ్‌హోవెన్‌లో ఆ చట్రంలో నా సంచి సులువుగా దిగింది. నా భార్య సంచి పక్క జేబులో శాలువా కుక్కి ఉండడం వల్ల రెండు వేళ్ల మందాన ఆగిపోయింది. ఆమె తొణకకుండా శాలువా తీసి కప్పుకుంది, సంచి దిగింది, ఉద్యోగిని నవ్వి పంపించింది. ఆ శాలువా ఖరీదు లెక్క కట్టలేదు గానీ ఆ పూట అది మాకు కనీసం యాభై యూరోలు మిగిల్చి ఉంటుంది.

ఇద్దరికీ కలిపి ఒక్క 20 కిలోల పెట్టెకు ముందే డబ్బు కట్టాము: మూడు విమానాలకు వరుసగా 32, 30, 34 యూరోలు. మందులు, స్వెటర్లు, మా అమ్మాయి కట్టి ఇచ్చిన ఆవకాయ సీసా ఉన్నాయి కనుక ఈ ఖర్చు తప్పదు. ఆవకాయను చేతిసంచిలో పెట్టుకుందామనుకునేవారికి ఒక మాట: భద్రతా తనిఖీలో పచ్చళ్లను ద్రవపదార్థాల కిందనే లెక్కిస్తారు, చాలా విమానాశ్రయాలలో వంద మిల్లీలీటర్ల నియమం ఇంకా అమలులో ఉంది, ఇక్కడ బతిమాలడం పనికిరాదు. కందిపొడికి, కరివేపాకు పొడికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మొదటి విమానంలో పక్కపక్క సీట్ల కోసం మరో 18 యూరోలు కట్టాము. అది అనవసరమైన ఖర్చు అని రెండు గంటల ప్రయాణంలో నా భార్య కిటికీకి తల ఆనించి నిద్రపోయినప్పుడు తేలింది. మిగిలిన రెండింటిలో సంస్థ ఇచ్చిన చోట విడివిడిగా కూర్చున్నాము, ఎవరికీ ఏ లోటూ కలగలేదు.

డబ్బు కన్నా కాగితాలే ఎక్కువ జాగ్రత్త కోరతాయి. మొదటిది పేరు. మనవాళ్లు కొందరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది, కొందరికి ఇంటిపేరు ముందూ, కొందరికి తండ్రి పేరు వెనుకా ఉంటాయి. టికెట్టు కొనేటప్పుడు పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని అందులోని గడుల ప్రకారమే నింపాలి. ఊరివాళ్లు పిలిచే వరుసలో రాస్తే తరువాత పేరు మార్పుకు అడిగే రుసుముతో ఇంకో టికెట్టు కొనుక్కోవచ్చు. ధరలు పోల్చిచూపే వెబ్‌సైట్లలో వెతకడం మంచిదే, కొనడం మాత్రం విమాన సంస్థ సొంత సైటులోనే కొనాలి, ఎందుకంటే మధ్యవర్తి దగ్గర కొంటే మార్పులకూ వాపసుకూ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

రెండవది ముద్ర. ఇది మాకు నిజంగా చెమట పట్టించింది. నెదర్లాండ్స్, హంగరీ, ఇటలీ మూడూ షెన్‌గెన్ దేశాలే కనుక మధ్యలో మామూలుగా ఇమిగ్రేషన్ తనిఖీ ఉండదు, ఒకే వీసా చాలు. అందువల్ల పెట్టె అప్పగించగానే నేరుగా భద్రతా తనిఖీకి వెళ్లిపోవచ్చు అనుకున్నాను. ఒక విమానానికి గేటు దగ్గర వరుసలో నలభై నిమిషాలు నిలబడి ముందుకు వెళ్లేసరికి, యూరప్ పౌరులు కానివారు పాస్‌పోర్టునూ వీసానూ ముందుగా కౌంటరులో చూపించి బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేయించుకుని రావాలని, అది లేనిదే పంపడం కుదరదని అన్నారు. పెట్టె తీసుకున్న కౌంటరులోని మనిషి ఆ ముద్ర తానే వేసి ఉండవలసింది, వేయలేదు. అయితే ఆ నియమం బోర్డింగ్ పాస్ అడుగున సన్న అక్షరాలలో అచ్చయి ఉన్నమాట కూడా నిజమే, ఆడిటర్నయి ఉండి నేనది చదవలేదు. సరైన పత్రాలు లేని ప్రయాణికులను ఎక్కించుకుంటే సంస్థకు జరిమానా పడుతుంది కనుక వారికి ఆ భయం ఉంటుంది. చివరికి ఒక ఉద్యోగి మమ్మల్ని పక్కన నిలబెట్టి, అందరూ ఎక్కాక, ఫోనులో ఎవరినో అడిగి, వీసా పేజీ చూసి పంపించాడు. ఆ పావుగంట నా భార్య నాతో మాట్లాడలేదు.

విమానం లోపల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. సీటు వెనక్కి వాలదు, మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి, భద్రతా తనిఖీ దాటాక ఖాళీ సీసా నింపుకోవడమే ఉత్తమం. విమానాలు శుభ్రంగానే ఉన్నాయి, సిబ్బంది మర్యాదగానే ఉన్నారు.

ఈ యాత్రలో నన్ను అన్నింటికన్నా మెప్పించిన సేవకు మేము ఒక్క యూరో కూడా చెల్లించలేదు. చౌక విమానాలకు చాలాచోట్ల ఏరోబ్రిడ్జి ఉండదు. విమానం దాకా నడిచి, నిటారైన మెట్లు ఎక్కాలి, దిగాలి. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. నడవడం కష్టమైనవారికి చక్రాల కుర్చీ, మనిషి సాయం ఉచితంగా ఇవ్వాలని 2006 నాటి యూరోపియన్ నిబంధన ఉంది. ఆ బాధ్యత విమానాశ్రయానిది కనుక టికెట్టు ఎంత చౌకదైనా హక్కు మారదు. చేయవలసిందల్లా ప్రయాణానికి 48 గంటల ముందు సంస్థకు తెలియజేయడమే. మూడు విమానాశ్రయాలలోనూ మనిషి సమయానికి వచ్చాడు, బుడాపెస్ట్‌లో లిఫ్టు అమర్చిన బండిలో ఆమెను విమానం తలుపు దాకా ఎత్తి దింపారు, ఎవరూ బక్షీసు కోసం చూడలేదు. అమ్మానాన్నలను యూరప్‌కు పిలిపించుకునే పిల్లలు సీటుకు డబ్బు కట్టడం మరిచిపోయినా ఫరవాలేదు గానీ, ఈ అభ్యర్థన పెట్టడం మరిచిపోకూడదు.

బుడాపెస్ట్‌లో అయిదు రాత్రులు ఉన్నాము. విమానాశ్రయం నుంచి 100ఇ అనే బస్సు నేరుగా నగరం నడిబొడ్డున ఉన్న డెయాక్ ఫెరెంట్స్ కూడలికి తీసుకువస్తుంది. దానికి మామూలు సిటీ బస్సు టికెట్టు చెల్లదు, వేరే టికెట్టు కొనాలి. మా బస ఏడో వార్డులో, నాలుగు వైపులా గదులు, మధ్యలో ముంగిలి, ప్రతి అంతస్తులోనూ ముంగిలి వైపు ఇనుప కటకటాల వసారా ఉన్న పాతకాలపు మేడలో. రాత్రికి 70 యూరోలకు వంటగదితో సహా దొరికిన ఆ ఇల్లు లోపల ఎంతో బాగుంది. తప్పంతా వీధిది: ఆ పేట శిథిల భవనాలలో నడిచే మద్యశాలలకు పేరుపడ్డది, తెల్లవారుజామున రెండు దాకా పాటలూ కేకలూ ఆగవు. వయసులో ఉన్నవారికి అది ఆకర్షణే కావచ్చు. మా వంటివారు డాన్యూబ్ నది అవతలి బుడా వైపు బస తీసుకుంటే నయం.

పార్లమెంటు భవనానికి యూరప్ పౌరులకు ఒక ధర, ఇతరులకు దాదాపు రెట్టింపు ధర. లోపలి మెట్ల వరుస, అక్కడ ఉంచిన హంగరీ రాజుల కిరీటం చూశాక ఆ తేడాను మరిచిపోయాను. 1913లో కట్టిన సేచేన్యి వేడినీటి స్నానశాలలో ఆరుబయట ఆవిర్లు కక్కే కొలనులో గంటసేపు కూర్చున్న రోజున నా భార్య మెట్లు తానే దిగింది. 1896 నాటి చిన్న మెట్రో, డాన్యూబ్ ఒడ్డున పోయే రెండో నంబరు ట్రామ్ రెండూ మామూలు టికెట్టుతోనే తిరగగలిగిన వినోదాలు. శాకాహారులకు అక్కడ లాంగోష్ అనే నూనెలో వేయించిన రొట్టె ఆసరా; వెల్లుల్లి నూనె రాసి ఇచ్చే దాన్ని కందిపొడితో తిన్నామని చెబితే హంగరీవారు ఏమంటారో.

బెర్గామో మా జాబితాలో మొదట లేనే లేదు. మిలాన్‌కు టికెట్లు వెతుకుతుంటే తక్కువ ధరకు దొరికినవన్నీ “మిలాన్ బెర్గామో” అని కనిపించాయి, మ్యాపు తీస్తే ఆ విమానాశ్రయం మిలాన్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో, బెర్గామో ఊరికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది. చౌక విమానాల పటంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పారిస్ పేరు పెట్టుకున్న బోవే అక్కడికి 85 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించుకున్న హాన్ దాదాపు 120 కిలోమీటర్లు. హైదరాబాద్ అని టికెట్టు ఇచ్చి సూర్యాపేట దగ్గర దింపినట్టు. అక్కడి నుంచి నగరానికి బస్సు ఛార్జీ, పోయే గంటన్నర కూడా టికెట్టులో కలిపి చూసుకుంటేనే అసలు ధర తెలుస్తుంది. మేము ఆ లెక్కను తిరగేసి, విమానం దిగిన ఊళ్లోనే బస చేసి మిలాన్‌ను ఒక రోజు రైలులో చూసి రావాలని నిర్ణయించుకున్నాము. ఈ యాత్రలో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదొక్కటేనని నా భార్య కూడా ఒప్పుకుంటుంది.

బెర్గామోలో కింది ఊరు, పై ఊరు అని రెండు భాగాలు. వెనిస్ ఏలుబడిలో కట్టిన ఆరు కిలోమీటర్ల ప్రాకారం పై ఊరిని చుట్టి ఉంటుంది, 2017లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1887 నుంచి నడుస్తున్న తాడు రైలు కింది నుంచి పైకి కొద్ది నిమిషాలలో చేరుస్తుంది. సాయంత్రం ప్రాకారం మీద కూర్చుంటే కింద మైదానమంతా కనిపిస్తుంది, దూరాన మేము దిగిన రన్‌వే మీద వాలుతున్న విమానాలు కూడా. రైలుస్టేషను దగ్గర కుటుంబం నడిపే చిన్న లాడ్జిలో నాలుగు రాత్రులు ఉన్నాము. గది ఇరుకు, ఉదయపు ఫలహారం తీపి రొట్టెలకు మించదు, పర్యాటక పన్ను మనిషికి, రాత్రికి ఇంతని విడిగా నగదు తీసుకుంటారు. అయినా నిశ్శబ్దంగా నిద్రపోయాము. అక్కడివారి ముఖ్యాహారం పోలెంటా, అంటే మొక్కజొన్న రవ్వతో చేసిన సంకటి. మా ఆవకాయ సీసా అక్కడే ఖాళీ అయింది.

తిరుగు ప్రయాణానికి చవకగా ఉందని రాత్రి తొమ్మిదిన్నర విమానం తీసుకున్నాను. అది పొరపాటు. ఉదయం మొదలైన విమానం మధ్యలో తెరపి లేకుండా రోజంతా అయిదారు సార్లు ఎగిరి దిగుతుంది కనుక, పొద్దున ఎక్కడో జరిగిన అరగంట ఆలస్యం రాత్రికి పోగుపడి మన నెత్తిన పడుతుంది. పొద్దున్నే బయలుదేరే విమానానికి ఆ బాధ తక్కువ. మాది రెండు గంటల నలభై నిమిషాలు ఆలస్యమైంది. యూరోపియన్ యూనియన్ వారి 261/2004 నిబంధన, దానిపై 2009లో వచ్చిన కోర్టు తీర్పు కలిపి చూస్తే, 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణంలో గమ్యం చేరడం మూడు గంటలు ఆలస్యమైతే, తుపాను వంటి అసాధారణ కారణం లేనప్పుడు, ప్రయాణికుడికి 250 యూరోలు ఇవ్వాలి. చేరిన సమయం అంటే చక్రాలు నేలను తాకిన క్షణం కాదు, తలుపు తెరిచిన క్షణం; ఇది కూడా కోర్టు తేల్చినదే. మా తలుపు ఇరవై నిమిషాల ముందే తెరుచుకుంది.

అయితే అదే నిబంధన ప్రకారం ఆలస్యం రెండు గంటలు దాటుతుందని తెలిసినప్పుడే భోజనం, పానీయం ఇవ్వాలి. గేటు దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అడిగితే కౌంటరుకు వెళ్లమన్నారు, కౌంటరు మూసి ఉంది. మేము రెండు రొట్టెలు, రెండు కాఫీలు, నీళ్ల సీసా కొనుక్కుని రసీదు దాచాము. మరునాడు సంస్థ వెబ్‌సైటులో ఫారం నింపి, రసీదు ఫొటో జతచేశాను. పందొమ్మిదో రోజున 21 యూరోల 40 సెంట్లు మా అమ్మాయి ఖాతాలో పడ్డాయి, 262 పక్కన ఎర్రసిరాతో తీసివేత గుర్తు పెట్టి పుస్తకంలో రాసుకున్నాను.