పాటకి హాలు, నవ్వుకి వీధి: తిరుపతి చుట్టుపక్కల ఏది ఎక్కడ చూస్తే మేలు?

తిరుపతిలో సాయంత్రం పూట పాటో ఆటో చూడాలనుకుంటే చోట్లకి కొదవ లేదు. మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, కోదండరామస్వామి గుడి దగ్గర రామచంద్ర పుష్కరిణి, తిరుచానూరు రోడ్డులో శిల్పారామం ఉన్నాయి. కొండెక్కితే శ్రీవారి గుడి ఎదురుగా నాదనీరాజనం వేదిక. ఎండాకాలం వస్తే పాత చిత్తూరు జిల్లా అంతటా ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం, అంటే మహాభారత కథని హరికథగా, వీధినాటకంగా నడిపే ఉత్సవం మొదలవుతుంది. "ఒక్క ఆదివారమే ఖాళీ, ఎక్కడికి పోదాం?" అని అడిగితే చాలామంది "ఏదైనా బాగుంటుంది" అనేస్తారు. నేను ఒప్పుకోను. సంగీతానికి పనికొచ్చే చోటు హాస్యానికి పనికిరాదు. ఇక చేతిపని కళ చూడాలంటే ఈ రెండు చోట్లూ కాకుండా ఇంకో చోటు వెతుక్కోవాలి.

ముందు సంగీతం. ఇక్కడ నా ఓటు హాలుకే. ఆలాపన మొదలుపెట్టినప్పుడు తంబూర శ్రుతి చెవికి అందాలి, మృదంగం ఒక్కటే వాయించే తనియావర్తనంలో చిన్న దెబ్బ కూడా వినపడాలి. ఆరుబయట సౌండ్ బాక్సుల్లో ఇవి ముందు పోతాయి. నాదనీరాజనం సంగతి వేరు. ఎదురుగా గోపురం పెట్టుకుని పాడటం కళాకారులకి పెద్ద సేవ, కానీ వినేవాళ్లలో సగంమంది దర్శనం అయ్యి కాసేపు కూర్చుని, బస్సు టైము చూసుకుని లేచిపోయేవాళ్లే. ఆ వాతావరణం కోసం ఒకసారి తప్పకుండా కూర్చోండి. టీటీడీ వాళ్ల టీవీ చానల్ ఎస్వీబీసీలో ప్రత్యక్ష ప్రసారం వస్తుంది కాబట్టి తర్వాత ఇంట్లో కూడా వినొచ్చు.

హాలు కావాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం అన్నమయ్య. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు మాత్రం లేవు. మనం ఈరోజు వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కట్టినవి. 2025లో కన్నుమూసిన బాలకృష్ణప్రసాద్ గారైతే ఈ ఊళ్లోనే ఉండి వందల కీర్తనలకి బాణీ కట్టారు. అంటే ఒకే కీర్తన ఇద్దరి నోట రెండు రకాలుగా వినే అదృష్టం మనకుంది. ఆ తేడా పట్టుకోవాలంటే నిశ్శబ్దం కావాలి. టీటీడీ కార్యక్రమాలకి ఎక్కువగా టికెట్ కూడా ఉండదు. హాల్లో నాకు నచ్చనిది ఒకటే, సన్మానాలు. శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేసరికి అసలు గాయకుడికి ముప్పావుగంట మిగిలిన సభలు చూశాను. అందుకే ఆహ్వానపత్రంలో కచేరీ టైము, సభ టైము విడివిడిగా వేశారో లేదో చూసుకుని వెళ్లండి.

పద్యనాటకానికి కూడా హాలే మేలు. దానికి చిత్తూరు పేరున్న ఊరు. చిత్తూరు నాగయ్య సినిమాలకి వెళ్లకముందు నాటకాల్లో పాడి పేరు తెచ్చుకున్నది అక్కడే.

ఇక హాస్యం. హైదరాబాదు నుంచి స్టాండప్ కళాకారులు వస్తుంటే టికెట్లు కొనుక్కుని కాలేజీ పిల్లలు వెళ్తున్నారు. మంచిదే. ఒక్క మనిషి, ఒక్క మైకు పెట్టుకుని గంటసేపు జనాన్ని నవ్వించడం తేలిక పని కాదు. కానీ డబ్బు, సమయం రెండూ చూసుకుని ఒకటే ఎంచుకోమంటే నేను భారతం రాత్రికే పోతాను.

కారణం చెప్తాను. చాలా ఊళ్లలో 18 రోజులు జరిగే భారతంలో మధ్యాహ్నం హరికథ చెప్తారు, రాత్రి ఆ ఘట్టాన్నే వీధినాటకంగా ఆడతారు. అంటే నాటకం మొదలయ్యేసరికి కథ అందరికీ తెలుసు. ఇక హాస్యగాడికి అడ్డేముంది! ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. తెర కింద గజ్జెలు కట్టిన కాళ్లు, తెర పైన అద్దాలు పొదిగిన కిరీటం మాత్రమే కనిపిస్తాయి. వెనక దుర్యోధనుడు తొడ చరుస్తుంటే ముందు హాస్యగాడు తీరిగ్గా, "ఎవరు సామీ నువ్వు? యాడి నుంచి వస్తాండావు? ఇంత బరువు నెత్తిన పెట్టుకోని యాడికి పోతాండావు?" అని అడుగుతాడు. రాజు గ్రాంథికంలో తన బిరుదులన్నీ చదువుతాడు. "అదంతా సరేగానీ, కూడు తిన్నావా లేదా?" అంటాడు ఇతను. జనం గొల్లుమంటారు. రాత్రి రెండింటికి ముందు వరసలో ఎవరైనా కునుకు తీస్తే ఇంక వాళ్ల పని అంతే. ఊరి సంగతులన్నీ సాయంత్రమే కనుక్కుని పెట్టుకుంటాడు మరి. ఊరి పెద్దని ముఖానే ఎగతాళి చేస్తాడు, ఆయన కూడా నవ్వుతాడు. పావుగంట తిరగకుండానే ద్రౌపది నిండుసభలో పద్యం ఎత్తుకుంటుంది. ఇందాక కడుపు పట్టుకుని నవ్వినవాళ్లే కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ఈ పక్కపక్కనే ఉండే నవ్వూ ఏడుపూ నాకు హాల్లో ఎప్పుడూ దొరకలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. చాప, దుప్పటి మీరే తెచ్చుకోవాలి, తెల్లవారేదాకా మేలుకోవాలి, ఒక్కోసారి మాట మోటుగా దొర్లుతుంది. చిన్నపిల్లలుంటే రాత్రి ఆట వద్దు. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధకి తీసుకెళ్లండి. నేలమీద మట్టితో భారీగా చేసిన దుర్యోధనుడి బొమ్మ, దాని చుట్టూ గదలు పట్టుకుని పరుగులు తీసే వేషగాళ్లు. ఏ పిల్లా కళ్లు తిప్పుకోలేదు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర వేషాలు కూడా చూడదగ్గవే. అయితే అక్కడ మీరు ప్రేక్షకులుగా మిగలరు, గుంపుతో పాటు నడవాల్సిందే.

మూడోది చేతిపని, అంటే బట్ట మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే కలంకారీ. శిల్పారామంలో స్టాల్స్ చూస్తే సరిపోతుందా, సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేసి శ్రీకాళహస్తి పోవాలా? చీర కొనడమే పనైతే స్టాల్ చాలు. కాకపోతే కలంతో గీసినదానికీ స్క్రీన్ ప్రింట్‌కీ తేడా చూసుకోండి. ప్రింట్‌లో ప్రతి ఆకూ ఒకే కొలతలో ఉంటుంది. చేత్తో గీసినదాంట్లో ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండవు.

పని చూడాలంటే మాత్రం కాళహస్తికే పోవాలి. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నూలుబట్ట నానబెట్టి ఎండేస్తారు. పాలలో కొవ్వు ఉండబట్టి రంగు బట్ట మీద పాకదు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. వెదురు కలానికి చుట్టిన గుడ్డని వేళ్లతో మెల్లగా నొక్కుతూ దానిమీద నల్లగీత వేస్తారు. ఆ నలుపు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు. గీసేటప్పుడు పలచగా ఉన్న గీత కరక్కాయ తగలగానే మన కళ్లముందే నల్లబడుతుంది. పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. రంగుకీ రంగుకీ మధ్య పారే నీటిలో ఉతుకు, మళ్లీ ఎండ. ఒక్క పెద్ద తెర పూర్తయ్యేసరికి వారాలు పడుతుంది. ఇవన్నీ చూశాక ధర అడిగి బేరమాడటానికి నోరు రాదు.

ఎండ లేకపోతే పని సాగదు కాబట్టి వానరోజుల్లో వెళ్లొద్దు. బయల్దేరేముందు ఫోన్ చేసి ఆరోజు గీత పని ఉందో, ఉతుకు ఉందో కనుక్కోండి. రెండింట్లో ఒకటే కుదిరితే, నన్నడిగితే గీత ఉన్న రోజే వెళ్లండి.