సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సైకిళ్ళ మీద

"బావా, ఫిబ్రవరిలో అలబామాలో 54 మైళ్ళ రైడ్ ఉంది. నీ పేరు కూడా రాయించేశాను." మా బావమరిది వరస ఇదే. ముందు డబ్బు కట్టేస్తాడు, తర్వాత ఫోన్ చేస్తాడు. సెల్మా అనగానే నేనూ కాదనలేకపోయాను. 1965లో నల్లజాతివాళ్ళు ఓటు హక్కు కోసం నడిచిన దారి అది. నల్లజాతి చరిత్రని తలుచుకునే ఫిబ్రవరి నెలలో, బ్లాక్ హిస్టరీ మంత్‌లో, ఆ దారిలోనే వందల మంది కలిసి సైకిళ్ళు తొక్కుతారు.

అట్లాంటా దగ్గర కమింగ్‌లో ఉంటాం. అక్కణ్ణించి మాంట్‌గోమరీ 200 మైళ్ళు ఉంటుంది. మా ప్రాక్టీసంతా సిల్వర్ కామెట్ ట్రెయిల్ మీద సాగింది. పాత రైలు కట్ట కదా, అరచేయంత చదును. అదే మేం చేసిన మొదటి తప్పు.

బస సంగతి ముందే చెప్తాను. సెల్మాలో గదులు తక్కువ. నది ఒడ్డున, ఎడ్మండ్ పెటస్ వంతెనకి దగ్గరలో పాతకాలపు సెయింట్ జేమ్స్ హోటల్ ఉంది కానీ మేం చూసేసరికే నిండిపోయింది. మాంట్‌గోమరీ డౌన్‌టౌన్ హోటళ్ళ రేటు చూసి వెనక్కి తగ్గి, ఇంటర్‌స్టేట్ పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం. రాత్రికి నలభై డాలర్లు మిగిలాయని సంబరపడ్డాం. వెళ్ళాక సైకిళ్ళు గదిలోకి తేకూడదన్నారు. వాటిని కారులో పడుకోబెట్టి, రాత్రి రెండుసార్లు లేచి కిటికీలోంచి చూసుకున్నాను. రైడ్ అయ్యాక వేణ్ణీళ్ళు పోసుకుందామంటే కుళాయిలో వచ్చినవి గోరువెచ్చనే. మళ్ళీ వెళ్తే డౌన్‌టౌన్‌లోనే దిగుతాను. రైడ్ ఆగేదీ అక్కడే, మ్యూజియాలున్నదీ అక్కడే.

మేం చేసిన మంచి పని ఒకటుంది. ముందురోజు, శుక్రవారం, కారులో అదే దారిని ఒకసారి చూసొచ్చాం. రైడ్‌లో మీకు రోడ్డు, ముందున్నవాడి వెనక చక్రం తప్ప ఏమీ కనబడవు. దారి మధ్యలో, వైట్ హాల్ దగ్గర నేషనల్ పార్క్ వాళ్ళ లౌండెస్ సెంటర్ ఉంది. ఆ కౌంటీలో నల్లవాళ్ళే ఎక్కువ. అయినా 1965 మొదట్లో ఓటర్ల జాబితాలో వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. తర్వాత పేరు నమోదు చేయించుకున్న కౌలుదార్లని భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించారు. ఆ కుటుంబాలు గుడారాలు వేసుకుని, కొందరైతే రెండేళ్ళు పైగా, తలదాచుకున్న చోటే ఇప్పుడు ఆ సెంటర్ ఉంది. ప్రవేశానికి డబ్బులేమీ లేవు. గంటన్నర పెట్టుకోండి.

అదే హైవే పక్కన చిన్న దిబ్బ మీద వయోలా లియుజో స్మారక రాయి, చుట్టూ ఇనప కంచె. డెట్రాయిట్ నుంచి వచ్చిన ఐదుగురు బిడ్డల తల్లి. యాత్ర ముగిసిన రాత్రి జనాన్ని తన కారులో దిగబెడుతుంటే నల్లవాళ్ళంటే పగబట్టిన తెల్లవాళ్ళ ముఠా క్లూ క్లక్స్ క్లాన్ వాళ్ళు వెంటాడి కాల్చి చంపారు. అప్పటికి ఆవిడకి 39 ఏళ్ళు. కారు వేగంలో ఆ రాయి కంటికి ఆనదు, కాస్త నెమ్మదిగా వెళ్ళండి.

శనివారం తెల్లారకముందే మాంట్‌గోమరీలో మనుషుల్ని బస్సుల్లోకి, సైకిళ్ళని లారీలోకి ఎక్కించారు. ఒక్కో సైకిల్‌కీ మధ్యలో పాత దుప్పటి అడ్డంపెట్టి కట్టారు. నా ఫ్రేమ్ మీద ఒక్క గీత పడలేదు. ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది అదే. నచ్చనిది కాఫీ.

2023 జనవరి టోర్నడో సెల్మాని దులిపేసి పోయింది. ఖాళీ స్థలాలు, పాడుబడ్డ ఇళ్ళు చూస్తూ పోగయ్యాం. జెర్సీల మీద ఎక్కడెక్కడి ఊళ్ళ పేర్లో. చాలా వాటి మీద మేజర్ టేలర్ పేరుంది. 1899లో ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయిన నల్లజాతి సైక్లిస్ట్ ఆయన. ఆయన పేరుతో అమెరికాలో చాలాచోట్ల క్లబ్బులున్నాయి. మా పక్కన నిలబడ్డ పెద్దాయన, డెబ్బై దాటుంటాయి, బర్మింగ్‌హామ్‌లో బస్సు నడిపి రిటైరయ్యారట. మా వాడి కార్బన్ సైకిల్‌ని కిందికీ మీదికీ చూసి, "బండి బాగుంది. నువ్వెలా ఉన్నావో మధ్యాహ్నం చూస్తా" అన్నారు.

ఎడ్మండ్ పెటస్ వంతెనకి నడుం దగ్గర వంపుంది. ఫోటోల్లో అది నాకెప్పుడూ తెలియలేదు. ఈ చివర నుంచి చూస్తే అవతలి ఒడ్డు కనబడదు, ఆకాశమే కనబడుతుంది. శిఖరానికి చేరాక ఒక్కసారిగా రోడ్డంతా కిందికి పరుచుకుంటుంది. 1965 మార్చి 7న జాన్ లూయిస్, హోసియా విలియమ్స్ ముందు నడవగా ఆరువందల మంది ఆ వంపు ఎక్కాకే, కింద లాఠీలతో నిలబడ్డ పోలీసులు కనబడ్డారు. మాట్లాడుతూ వచ్చినవాళ్ళమంతా అక్కడికొచ్చేసరికి మాట ఆపేశాం. ఫ్రీవీల్ చప్పుళ్ళు మాత్రం వినబడ్డాయి.

తర్వాతంతా నాలుగు లైన్ల హైవే 80. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఒక్క చెట్టు నీడ లేదు, ఎదురుగాలి. ఏ ఎక్కుడూ పెద్దది కాదు, కానీ అవి అయిపోవు. 7న పోలీసులు లాఠీలతో వెనక్కి తరిమిన ఆ నడక మార్చి 21న మళ్ళీ బయల్దేరి, మొదటి రోజు ఏడు మైళ్ళే సాగింది. డేవిడ్ హాల్ అనే రైతు పొలంలో ఆ రాత్రి గడిపారు. ఆ మజిలీని మేం అరగంటలో దాటేశాం. లౌండెస్ కౌంటీలో అప్పుడు రోడ్డు రెండు లైన్లే. అందుకని అక్కడ మూడొందల మందికి మించి నడవకూడదని కోర్టు షరతు.

మూడో మజిలీ, రాబర్ట్ గార్డ్‌నర్ పొలం, ఇంకా రాకముందే నా వెనక టైరు కూర్చుంది. లారీ టైర్లు పగిలి రాలిన సన్నటి తీగలు రోడ్డు అంచున షోల్డర్ నిండా ఉంటాయి. వెంట్రుకంత తీగ. పక్కకి దిగి పచ్చికలో కాలు పెట్టాను. గురువారం వాన పడిందేమో, కాలు దిగబడింది. పైకి తీస్తే బూటు కింద మరో బూటు! వానాకాలంలో మా పల్నాడు పత్తిచేలో నడిస్తే చెప్పుకి పట్టే రేగడి, అచ్చం అదే. ఈ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అనడం ఈ నల్లమట్టిని చూసే మొదలైందట. అక్కడా ఇక్కడా ఈ మట్టిని నమ్ముకున్నది పత్తే. ఇక్కడ ఆ పత్తి కోసం మనుషుల్ని కొనుక్కొచ్చారు.

బూటు అడుగున పెడల్‌కి తగులుకునే క్లీట్‌లో మట్టి గట్టిగా కూరుకుపోయి పెడల్‌కి పట్టనే లేదు. టైర్ లీవర్‌తో గీకుతుంటే బర్మింగ్‌హామ్ పెద్దాయన ఆగారు. తీగని గోటితో పట్టి లాగేసి, "ఆ యాత్రలో మూడో రోజు వాన. గార్డ్‌నర్ పొలంలో ఈ బురదలోనే పడుకున్నారు" అన్నారు. అని, నా పంపు లాక్కుని తనే గాలి కొట్టారు. మా బావమరిది అప్పటికే, తొక్కలేనివాళ్ళని ఎక్కించుకునే సాగ్ వ్యాన్‌లో అరటిపండు తింటున్నాడు.

చివరి ఎక్కుడు డెక్స్‌టర్ అవెన్యూ. మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా పనిచేసిన ఇటుక చర్చి దాటుతూ స్టేట్ క్యాపిటల్ దాకా. అప్పుడు 25,000 మంది చేరిన చోటికి మేం నీరసంగా, ఉప్పు పట్టిన ముఖాలతో చేరాం. తిండి దగ్గర శాకాహారులు ఒక్కటి అడిగి తెలుసుకోండి: ఇక్కడ ఆకుకూరని పొగబెట్టిన పంది మాంసంతో ఉడికిస్తారు. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావే. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర ఉండబట్టి సరిపోయింది.

ఆదివారం, బానిసత్వం దగ్గర్నుంచి నల్లవాళ్ళ కథ చెప్పే లెగసీ మ్యూజియం, మూకలు చంపిన నల్లవాళ్ళ గుర్తుగా కట్టిన లించింగ్ మెమోరియల్. రెండింటికీ, నది పక్కనున్న శిల్పాల పార్కుకీ కలిపి టికెట్ ఐదు డాలర్లే, తిప్పే బస్సు కూడా అందులోనే. మ్యూజియంలో ఫోటోలు తీయనివ్వరు. మెమోరియల్‌లో ఎనిమిది వందలకి పైగా ఇనప దిమ్మెలు, కౌంటీకొకటి చొప్పున. మొదట మన ఎత్తులో ఉంటాయి. నేల వాలుతూ పోయేకొద్దీ అవి తల మీద వేలాడతాయి. తొడలు పట్టేసిన నాకు ఆ వాలు దిగడం నరకమైంది. మేం రెండున్నర గంటల్లో పరిగెత్తించాం, రోజంతా కావాలి. సోమ, మంగళవారాలు మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో జార్జియాలోకి రాగానే గడియారం ఒక గంట ముందుకి దూకుతుంది. సోమవారం పొద్దున్నే మీటింగ్ ఉన్నవాళ్ళు అదీ లెక్కేసుకోండి, మేం వేసుకోలేదు.