భర్త లేఖల అంచుల్లో జారా ష్మేలెన్

ఉర్సులా ట్రూపర్ జర్మన్‌లో రాసిన జారా ష్మేలెన్ జీవితచరిత్ర 2006లో 'ది ఇన్‌విజిబుల్ వుమన్' అనే పేరుతో బాసెల్ నుంచి ఆంగ్లంలో వెలువడింది. జర్మన్ మూలానికి 'డీ హాటెన్‌టాటిన్' అని పేరు. ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు మూలవాసులైన ఖోయ్‌ఖోయ్ ప్రజలను వలసవాదులు చిన్నచూపుతో పిలిచిన మాట అది. కనిపించని స్త్రీ అన్న ఆంగ్ల శీర్షికే పుస్తకానికి బాగా నప్పింది.

1793 ప్రాంతంలో, ఖోయ్‌ఖోయ్‌లలో ఒక తెగ అయిన నామాల కుటుంబంలో పుట్టిన జారా, లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన జర్మన్ మతప్రచారకుడు యోహాన్ హైన్‌రిఖ్ ష్మేలెన్‌ను పెళ్ళాడారు. నేటి నమీబియాలోని బెతానీలోనూ, తరువాత ఆరెంజ్ నదికి దక్షిణాన ఉన్న కొమఖాస్‌లోనూ ఆయన సాగించిన సేవలో ఆమె పాలుపంచుకున్నారు. ఈ చరిత్రకు ఆధారాలు ఎక్కువగా మిషనరీల లేఖలు, నివేదికలే కావడంతో, రచయిత్రి ఆ కాగితాల అంచుల్లో నుంచి జారాను వెలికి తీయవలసి వచ్చింది. అందువల్ల కొన్నిచోట్ల భర్త కథే ముందుకు వస్తుంది. అది నాకు విసుగు కలిగించిన మాట నిజమే గాని, ఆ లోటు రచయిత్రిది కాదు, కాగితాలు రాసి భద్రపరిచినవారిది.

పుస్తకానికి ప్రాణం ఈ దంపతులు నామా భాషలోకి చేసిన సువార్తల అనువాదం. నామా భాషలో నాలుగు రకాల క్లిక్ ధ్వనులున్నాయి. జాలిపడినప్పుడు మనం నాలుకను పళ్ళకు ఆనించి చేసే చప్పుడు, పశువులను అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు అక్కడ మాటల్లో హల్లులుగా నిలుస్తాయి. దానికి తోడు స్వరస్థాయి మారితే అర్థమే మారిపోతుంది. పెద్దయ్యాక నేర్చుకున్న జర్మన్ నాలుకకు ఇది ఎంత కష్టమో ఊహించవచ్చు. ఏ వాక్యం నామా చెవికి సహజంగా వినిపిస్తుందో, ఏది ఎబ్బెట్టుగా ఉంటుందో ఆ ఇంట్లో పుట్టుకతో తెలిసినది జారాకే. అందుకే ఆంగ్ల ఉపశీర్షికలో ఆమెను 'మిషన్ సహాయకురాలు' అనడం నాకు రుచించలేదు. ఆ కాలపు పత్రాల భాష అదే అయినా, అట్ట మీద అనువాదకురాలు అన్న మాట ఉండవలసింది.

నాలుగు సువార్తల నామా అనువాదం 1831లో కేప్‌టౌన్‌లో అచ్చయింది. ఆ పని మీద అక్కడికి వెళ్ళిన జారా, అదే ఏడాది తిరుగు ప్రయాణంలో మరణించారు.

దక్షిణాఫ్రికా మిషన్ల చరిత్ర తెలియనివారికి ఇందులోని పేర్లు మొదట తికమక పెడతాయి కనుక, పక్కన ఒక పటం పెట్టుకుని చదవడం మంచిది. భక్తుల జీవితగాథలు కోరేవారికన్నా, ఒక భాష మొదటిసారి అచ్చులోకి ఎక్కినప్పుడు ఎవరి పేరు నిలుస్తుందో, ఎవరి పేరు జారిపోతుందో గమనించే పాఠకులకు ఈ పుస్తకాన్ని నేను సిఫారసు చేస్తాను.