అంకె వేయాలా, రంగు వేయాలా?

కర్నూలులో ఒక కిరాణా కొట్టులో కర్నూలు సోనా బియ్యం, కొర్రలు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. ఏది పర్యావరణానికి ఎంత భారమో పొట్లం మీదే చెప్పాలంటే రెండు దారులు: కర్బన ఉద్గారాలను గ్రాముల్లో అంకెగా వేయడం, లేదా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపడం.

అంకెల దారిని బ్రిటన్‌లో టెస్కో అనే సూపర్‌మార్కెట్ సంస్థ ప్రయత్నించింది. ఒక్కో సరుకుకు లెక్క కట్టడానికి నెలలు పట్టడం, మిగతా దుకాణాలు కలిసిరాకపోవడంతో 2012లో చేతులెత్తేసింది. కొనేవారికీ ఆ అంకె కొరుకుడు పడదు. కిలోకు ఇన్ని గ్రాములంటే ఎక్కువా, తక్కువా?

రంగుకు ఆ చిక్కు లేదు. శాకాహారానికి పచ్చ చుక్క వెతకడం మనకు అలవాటే. (ఆ చుక్కతో కలగాపులగం కాకుండా ఆకారం మాత్రం మార్చాలి.)

అయితే రంగు మొరటుది. నిలువ నీటిలో పెరిగే వరి మడి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వెలువడుతుంది. వానాధారపు కొర్ర చేనుకు ఆ బెడద లేదు. కనుక బియ్యానికి ఎరుపు, కొర్రలకు ఆకుపచ్చ పడవచ్చు. కానీ కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద మడిని మధ్యమధ్య ఆరబెట్టి మీథేన్ తగ్గించిన రైతు బియ్యానికీ అదే ఎరుపా? అతని శ్రమ అంకెలోనే కనబడుతుంది.

కొట్టుకు రంగే మేలంటాను. హాస్టళ్లకు టోకున కొనేవారికి అంకె కావాలి. ఏదైనా ధర పక్కనే ముద్రించాలి. పొట్లం వెనక వేస్తే తిప్పి చూసేవారు అరుదు.