మాజీ సైనికుల బల్ల మీద మెమ్వార్ ’44

పోయిన ఏడాది సెలవులకు వచ్చిన మా అబ్బాయి, ఇరవై నాలుగేళ్లు ఫిరంగిదళంలో గడిపిన తండ్రికి ఇంతకంటే తగిన కానుక ఉండదనుకున్నాడు కాబోలు, మెమ్వార్ ’44 అనే యుద్ధక్రీడ పెట్టెను తెచ్చి నా చేతిలో పెట్టాడు. చదరంగం, పులి–మేక తప్ప మరో యుద్ధక్రీడ ఎరగని నేను దాన్ని రెండు నెలలపాటు బీరువా మీదే ఉంచాను. ఆ తరువాత హైదరాబాద్ సైనిక్‌పురిలో ఉండే ముగ్గురు మాజీ సైనిక మిత్రులతో కలిసి, ఆదివారం ఉదయం పూట, ఇప్పటికి సుమారు ముప్పై ఆటలు ఆడాను. మేము నలుగురం నాలుగు వేర్వేరు విభాగాల్లో పనిచేసి వచ్చినవాళ్లం కనుక, ఈ ఆటలోని ఒకే నియమం ఒకరికి అక్షరసత్యంగానూ మరొకరికి పచ్చి అబద్ధంగానూ కనబడింది. ఆ తేడాలను దృష్టిలో పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను.

డేస్ ఆఫ్ వండర్ సంస్థ 2004లో, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన మిత్రపక్ష సేనలు దిగి 60 ఏళ్లు నిండిన సందర్భంలో, ఈ ఆటను విడుదల చేసింది. దీని రూపకర్త రిచర్డ్ బోర్గ్. ఒకవైపు పల్లె ప్రాంతం, రెండోవైపు సముద్రతీరం ముద్రించిన పెద్ద అట్ట, దానిమీద ఆరు భుజాల గడులు, 144 ప్లాస్టిక్ బొమ్మలు, అడవి, కొండ, ఊరు, వంతెన వంటి వాటికి అట్టముక్కలు, 60 ఆజ్ఞల కార్డులు, బొమ్మల గుర్తులున్న పాచికలు పెట్టెలో ఉంటాయి. ఇద్దరు ఆడే ఆట. గంట లోపలే ముగుస్తుంది, కాని అట్టముక్కలు, బొమ్మలు పటం ప్రకారం పేర్చుకోవడానికి మా వయసువాళ్లకు మరో ఇరవై నిమిషాలు పడుతుంది. నియమాల పుస్తకం ఇంగ్లిష్‌లోనే ఉన్నా బొమ్మలు ధారాళంగా వేశారు కాబట్టి, ఒకరు చదివి చెబితే మిగిలినవారు పావుగంటలో అందుకోగలరు.

ఆట సాగే తీరు సులభమే. యుద్ధభూమిని ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలుగా విభజించారు. మన వంతు వచ్చినప్పుడు చేతిలోని ఒక కార్డు వేస్తే, ఆ కార్డు ఏ భాగంలో ఎన్ని దళాలకు ఆజ్ఞ ఇవ్వమంటే అన్నింటికే ఆజ్ఞ ఇవ్వగలం. అవి కదులుతాయి, పాచికలు వేసి కాలుస్తాయి. శత్రుదళాన్ని పూర్తిగా తుడిచిపెట్టినా, నిర్దేశించిన వంతెననో ఊరినో పట్టుకున్నా ఒక పతకం వస్తుంది. మనం ఆడుతున్న ఘట్టానికి, అంటే పుస్తకంలో పటంతో సహా ఇచ్చిన పోరాటానికి, నిర్ణయించిన సంఖ్యలో పతకాలు ముందు ఎవరికి వస్తే వారిదే గెలుపు.

ఈ కార్డుల పద్ధతి మీదే మా మొదటి తగవు వచ్చింది. మేము మొదట ఆడినది పెగసస్ వంతెన ఘట్టం. 1944 జూన్ 6న అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకే ఇంజిన్ లేని విమానాలైన గ్లైడర్లలో దిగిన బ్రిటిష్ దళం కాఁ కాలువ మీది వంతెనను పట్టుకున్న సంఘటన అది. జర్మన్ పక్షం వహించిన నాకు ఆ ఘట్టంలో మొదట ఇచ్చేవే తక్కువ కార్డులు, వాటిలోనూ నాకు కావలసిన వైపువి లేవు. కళ్లముందే వంతెన పోతూ ఉంటే పక్కనున్న దళం బొమ్మల్లాగే నిలబడి చూస్తోంది. ఇదేం సైన్యమని నేను విసుక్కుంటే, సందేశాలు చేరవేసే సిగ్నల్స్ దళంలో పనిచేసిన మిత్రుడు తలెత్తకుండానే, “ఇది కార్డు కాదు సాబ్, మా వైర్‌లెస్ సెట్టు. మీకు కావలసినప్పుడు పలకదు” అన్నాడు. ఆయనది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు సైన్యంలోకి వెళ్లిన ఊరు కావడం వల్ల అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. బ్యాటరీ దిగిపోవడం, తీగ తెగిపోవడం, కొండ అడ్డొచ్చి మాట చేరకపోవడం, చేరినా అవతలివాడు మరోలా వినడం, వీటన్నిటినీ విడివిడి నియమాలుగా రాసి పుస్తకాన్ని బరువెక్కించకుండా “చేతిలో ఆ కార్డు లేదు” అనే ఒక్క మాటలో ఇమిడ్చారని ఆయన వివరించాక నాకు నోరు పెగల్లేదు. ఈ పెట్టెలోని అన్ని ఏర్పాట్లలోకీ కార్డుల పద్ధతే గొప్పదని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను.

ఫిరంగుల విషయంలో మాత్రం నేను అంత సులభంగా ఒప్పుకోను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది, ఆ తరువాత టెక్నికల్ అసిస్టెంట్‌గా గురి లెక్కలు కట్టడమే వృత్తిగా బతికినవాణ్ని. ఆటలో ఫిరంగి ఒక వంతులో కదలాలి లేదా కాల్చాలి, రెండూ చేయకూడదు. ఈ నియమం చూసి నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే ఫిరంగిని లారీ వెనుక తగిలించడం, కొత్త చోట దించడం, దాని దిశను కొలిచి నిలపడం ఎంత పనో దగ్గరుండి చూసినవాడికే తెలుస్తుంది. అయితే అదే ఫిరంగి అడవి వెనుక, కొండ చాటున, ఎవరికీ కనబడని శత్రువు మీద నిశ్చింతగా కాల్చవచ్చునట! చాటునున్న లక్ష్యాన్ని కొట్టగలగడం ఫిరంగి గొప్పతనమే. కాని ఎవడో ఒకడు ముందుకు వెళ్లి, ఓపీలో, అంటే పరిశీలన స్థానంలో, బోర్లా పడుకుని, మొదటి గుండు ఎక్కడ పడిందో కళ్లారా చూసి, “యాడ్ 200” (ఇంకా అవతలికి), “డ్రాప్ 100” (కాస్త ఇవతలికి) అని రేడియోలో చెబితేనే కదా ఆ గొప్పతనం. ఆ మనిషి ఈ పెట్టెలో ఎక్కడా లేడు. మా దళంలో అందరికంటే ప్రమాదంలో ఉండేది ఆయనే కాబట్టి, నా ఫిర్యాదులో కొంత పక్షపాతం ఉందనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

దూరాల లెక్క కూడా విచిత్రమే. కాల్బలం మూడు గడుల దాకా, ఫిరంగి ఆరు గడుల దాకా కాల్చగలవు, అంటే ఫిరంగి పరిధి రైఫిల్‌కు రెట్టింపు మాత్రమే. ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనలతోపాటు మన సేనలూ వాడిన 25 పౌండర్ ఫిరంగి 12 కిలోమీటర్లకు పైగా కొట్టేది. దాన్ని ఉన్నదున్నట్టు ఆటలో పెట్టాలంటే బల్ల మా ఇంటి నుంచి నేరేడ్‌మెట్ దాకా సాగాలి. కనుక దూరం విషయంలో రూపకర్తను క్షమించవచ్చు. ఓపీ విషయంలో క్షమించలేక మేమే ఒక ఇంటి నియమం పెట్టుకున్నాం. ఫిరంగికి కనబడని లక్ష్యాన్ని కొట్టాలంటే, దాన్ని చూడగలిగే మన దళం ఒక్కటైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఈ చిన్న మార్పుతో ఆట చెడలేదు సరికదా, అంతవరకూ పనిలేక మూలనున్న కాల్బలానికి కొండెక్కవలసిన అవసరం వచ్చింది. ఫిరంగులతో ఆడేవారెవరైనా దీన్ని ప్రయత్నించి చూడవచ్చు.

అయితే ఇంటి నియమాలన్నీ ఇంత బాగా ఫలిస్తాయనుకోకూడదు. మా రెండో మిత్రుడిది నల్గొండ. సైన్యానికి సరుకులు అందించే ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ నడిపాడు. చలికాలంలో మంచు మూసుకుపోయే జోజిలా కనుమ మీదుగా, దారి తెరిచి ఉన్న ఆ కొద్ది నెలల్లోనే లద్దాఖ్‌కు ఏడాదికి సరిపడా సరుకు చేరవేసినవాళ్లలో ఒకడు. “ఈ ట్యాంకు పొద్దుటి నుంచి తిరుగుతోంది, డీజిల్ ఎవరు పోశారు?” అన్నది ఆయన మొదటి ఆటలోనే అడిగిన ప్రశ్న. నిజమే, ఈ ఆటలో తిండి లేదు, ఇంధనం లేదు, గుండ్లు అయిపోవడమనేది లేదు. ఆయన మాట తీసేయలేక ప్రతి ఫిరంగి పక్కనా ఆరు రూపాయి బిళ్లలు పెట్టి, కాల్చినప్పుడల్లా ఒకటి తీసివేయాలని నిర్ణయించాం. రెండు ఆదివారాలు అలా ఆడాం. బిళ్లలు లెక్కపెట్టడంతోనే సరిపోయింది, ఆట నత్తనడక నడిచింది, చివరికి ఆయనే ఆ బిళ్లలు తీసుకుని బయటికి వెళ్లి పాలపొట్లాలు తెచ్చాడు. సరఫరా ప్రధానంగా సాగే ఆటలు కావాలనుకునేవారు వేరే పెట్టెలు వెతుక్కోవాలి. ఇది అందుకోసం తయారైనది కాదు.

మూడో మిత్రుడు శ్రీకాకుళం జిల్లావాడు, మద్రాస్ రెజిమెంట్‌లో కాల్బలం. 1987లో మన శాంతిసేన శ్రీలంక వెళ్లినప్పుడు ఆయన పటాలం కూడా వెళ్లింది. మాలో శత్రువు తుపాకీని ఎదురుగా చూసినవాడు ఆయన ఒక్కడే. ఫిరంగి గురించి నేనూ, సెట్టు గురించి మాధవరం మిత్రుడూ, లారీ గురించి నల్గొండ మిత్రుడూ గంటల తరబడి మాట్లాడతాం. ఆయన మాత్రం పాచిక వేసి, ఫలితం చూసి ఊరుకుంటాడు. ముప్పై ఆటల్లో ఆయన ఒకే ఒక నియమాన్ని ప్రశ్నించాడు. కాల్బల దళంలో నాలుగు బొమ్మలుంటాయి. మూడు పోయి ఒక్కటే మిగిలినా ఆ దళం అన్నే పాచికలతో కాలుస్తుంది, అంతే దూరం నడుస్తుంది. ఆట వేగంగా సాగడానికి ఈ సౌలభ్యం అవసరమని నేను నియమాల పుస్తకం చూపించబోతే, ఆయన పడిపోయిన బొమ్మను పెట్టెలో వేయకుండా గడి పక్కనే అడ్డంగా పడుకోబెట్టి, దాని పక్కన మరో రెండు బొమ్మలను ఆనించి నిలబెట్టాడు. “ఒకడికి తగిలితే వాణ్ని మోయడానికి ఇద్దరు కావాలి. అంటే ముగ్గురు తగ్గారన్నమాట” అని, ఆ బొమ్మలను మళ్లీ యథాస్థానంలో పెట్టి, తన వంతు ఆడాడు. దాని మీద మేము ఇంటి నియమమేమీ పెట్టుకోలేదు.

ఇలాంటి ఆటలకూ మా వంటి వృత్తులకూ సంబంధం ఇవాళ్టిది కాదు. జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణ కోసం రైస్‌విట్జ్ అనే అధికారి రూపొందించిన పటం ఆటను 1824లోనే స్వీకరించింది. అమెరికాలో దీన్ని దుకాణంలో అమ్మే సరదాగా మార్చిన చార్లెస్ రాబర్ట్స్ స్వయంగా అక్కడి రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డ్‌లో పనిచేసినవాడు. 1954లో టాక్టిక్స్ అనే ఆటను అమ్మకానికి పెట్టాడు. ఆ తరువాతి తరంలో పదుల కొద్దీ ఆటలు రూపొందించిన జేమ్స్ డన్నిగన్ కూడా కొరియాలో అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. కొత్తగా బల్ల దగ్గరికి వచ్చిన మనిషిని ఆట గురించి అడగడానికి ముందే “మీరు ఏ ఆర్మ్?”, అంటే సైన్యంలో ఏ విభాగమని, అడిగే అలవాటు మాకెవరూ నేర్పలేదు; మిలిటరీ క్యాంటీన్ వరుసలో నిలబడినప్పుడు వచ్చేదే ఇక్కడికీ వచ్చింది.

ఒక్క లోటు మాత్రం నన్ను కొంచెం బాధించింది. రెండో ప్రపంచ యుద్ధంలో మన ఉపఖండం నుంచి 25 లక్షలకు పైగా మనుషులు సైన్యంలో చేరారు. ఈ ఆట పేరులోని 1944లోనే, నార్మండీలో పోరు మొదలయ్యేనాటికి, మన ఈశాన్యంలోని కొహిమాలో జపాన్ సేనతో పోరు ఏప్రిల్ నుంచి సాగుతూనే ఉంది. మాధవరం మిత్రుడి తాతగారు ఆ యుద్ధంలోనే బర్మా వైపు వెళ్లి వచ్చారు. మూల పెట్టెలోని ఘట్టాలు ప్రధానంగా ఫ్రాన్స్ చుట్టూ తిరుగుతాయి, మన దళాలు వాటిలో కనబడవు. ఖాళీ పటం మీద మనకు నచ్చిన ఘట్టాన్ని మనమే పేర్చుకునే వీలుంది కాబట్టి, ఆయన కొహిమా కొండను అట్టముక్కలతో కట్టే ప్రయత్నంలో ఉన్నారు. డిప్యూటీ కమిషనర్ బంగళాలోని టెన్నిస్ కోర్టుకు అటొక పక్షం, ఇటొక పక్షం నిలిచి పోరాడిన ఆ స్థలానికి తగిన అట్టముక్క పెట్టెలో లేక, ప్రస్తుతానికి పెళ్లి శుభలేఖ ఒకటి కత్తిరించి పెట్టాం.

ఎవరు కొనవచ్చు అంటే, పదేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లవారు నిస్సంకోచంగా కొనవచ్చు. సైన్యంలో అడుగైనా పెట్టని మా అబ్బాయి, మళ్లీ సెలవులకు వచ్చినప్పుడు మా నలుగురినీ వరుసగా ఓడించి వెళ్లాడు, ఎందుకంటే అతడు యుద్ధాన్ని కాక కార్డులను చూసి ఆడతాడు. అనుభవం ఇక్కడ గెలుపుకు పనికిరాదని, మాట్లాడుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుందని మాజీ సైనికులు ముందే తెలుసుకుని కూర్చోవడం మంచిది. పాచికల మీద అదృష్టం పాలు ఎక్కువ. నాలుగు గంటలు కూర్చుని లెక్కలు వేసుకునే గంభీరమైన ఆట కావాలనుకునేవారికి ఇది తేలికగా అనిపిస్తుంది. బొమ్మలు చిన్నవి కావడం వల్ల, చేతివేళ్లు వణికే వయసువారు ఒక గడి నుంచి మరో గడికి జరిపేటప్పుడు పక్క దళాలు కూడా వెనుకంజ వేయడం మామూలే.

ధర సంగతి చూస్తే, దిగుమతి సరుకు కనుక మన దేశంలో ఖరీదుగానే ఉంటుంది, అమ్మేవారిని బట్టి మారుతుంది కూడా. మాధవరం మిత్రుడు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించుకున్న పెట్టె మూల నొక్కుకుపోయి వచ్చింది, జర్మన్ ట్యాంకుల సంచి ఒకటి తక్కువైంది. ఫొటోలు పంపి, మూడుసార్లు ఫోన్ చేశాక సగం సొమ్ము తిరిగి ఇచ్చారు, సంచి మాత్రం ఇంతవరకూ రాలేదు. అందుచేత పెట్టె చేతికి అందగానే, తెచ్చిన కుర్రాడు గేటు దాటకముందే విప్పి, సంచులు లెక్కపెట్టుకోండి. మేము ప్రస్తుతం ఆ ట్యాంకుల స్థానంలో క్యారమ్ నల్లకాయలు నడుపుతున్నాం.